గెలిచింది నా చెయ్యా, వాడి అంకెలా?

పోయిన వేసవి సెలవులకు వచ్చిన మా మేనల్లుడు వారం రోజుల పాటు ఫోన్లో ఒక పాత ఆట పట్టుకు కూర్చున్నాడు. చీకటి కోట. నల్లటి అంగీ, తెల్లటి పొడవు జుట్టు, చేతిలో కత్తితో ఒక యువకుడు. మొదటి రెండు రోజులూ వాడు పళ్లు కొరుక్కుంటూ ఆడాడు. చచ్చి లేచి, లేచి చచ్చి, ఒక్కో గదినీ తంటాలు పడి దాటాడు. ఐదో రోజుకల్లా మాతో కబుర్లు చెబుతూ, తెర వైపు సగం చూపుతోనే రాక్షసుల్ని నరికేస్తున్నాడు. ఆరో రోజు సాయంత్రం ఫోను పక్కన పెట్టి నన్నడిగాడు.

"మామయ్యా, ఇప్పుడు గెలుస్తున్నది నేనా, వీడా? నాకు ఆట వచ్చేసిందా, వీడి లెవెల్ పెరిగిపోయిందా?"

ఆటల గురించి నన్నెవరూ ఇంత మంచి ప్రశ్న అడగలేదు. ఆ ఆట పేరు కాసిల్‌వేనియా: సింఫనీ ఆఫ్ ది నైట్. జపాన్‌లో కొనామి సంస్థ 1997 మార్చిలో ప్లేస్టేషన్ మీద విడుదల చేసింది. టోరు హగిహారా దర్శకుడు, కోజి ఇగరాషి సహాయ దర్శకుడు. అయామి కొజిమా పాత్రల బొమ్మలు గీశారు, మిచిరు యమానే సంగీతం కట్టారు. ఫోన్లలోకి 2020లో వచ్చింది. పాతికేళ్లు దాటినా మనుషులు దాన్ని వదలలేదు. దాని గొప్పతనం ఎక్కడుందో, లోపం ఎక్కడుందో వెతుక్కుంటూ పోతే రెండూ ఒకే వేరు దగ్గర కలుస్తాయి. ఆ వేరు మా వాడి ప్రశ్నలోనే ఉంది.

పక్క నుంచి చూస్తే ఏం తెలుస్తుంది?

తోలుబొమ్మలాట గుర్తు చేసుకోండి. తెల్లటి తెర, వెనక దీపం, తెరకు అతుక్కుని కదిలే బొమ్మలు. అక్కడ లోతు లేదు. ఉన్నదల్లా కుడి ఎడమలు, ఎత్తు పల్లాలు. అయినా భీముడి గద దుశ్శాసనుడికి తగిలిందో లేదో చివరి వరుసలో కూర్చున్న పిల్లాడికి కూడా తెలిసిపోతుంది. మన ఆట కూడా అంతే. పాత్రను పక్క నుంచి చూస్తాం. అది నడుస్తుంటే వెనకున్న లోకం పక్కకు జరుగుతూ పోతుంది. ఇంగ్లీషులో సైడ్ స్క్రోలింగ్ అంటారు, మనం 'పక్కవాటు ఆట' అనుకుందాం.

పాత్ర నడుస్తుంటే లోకం జరుగుతుందన్నాను. నిజానికి రెండూ జరగవు. సెకనుకు అరవై సార్లు తెర మొత్తాన్ని కొత్తగా గీస్తారు, ప్రతిసారీ అన్నిటినీ రవ్వంత పక్కకు పెట్టి. నోటుపుస్తకం మూలల్లో వరసగా బొమ్మలు గీసి గబగబా తిప్పిన వాళ్లందరికీ ఈ రహస్యం తెలుసు.

ఆ లోకంలో లోతు ఉన్నట్టు భ్రమ కలిగించడానికి ఇంకో చిన్న ఉపాయం ఉంది. ఆట మొదట్లో మన వీరుడు అడవిలోంచి కోట వైపు పరుగెత్తుకొస్తాడు. దగ్గరి చెట్లు వేగంగా వెనక్కి పోతాయి, దూరపువి తాపీగా జరుగుతాయి. బస్సు కిటికీ పక్కన కూర్చున్నప్పుడు మనం రోజూ చూసేదే ఇది. రోడ్డుకు పది మీటర్ల దూరంలో ఉన్న తాటిచెట్టు రివ్వున వెళ్లిపోతుంది. వంద మీటర్ల దూరంలో ఉన్న చెట్టు అందులో పదో వంతు వేగంతో జరుగుతుంది. దూరం ఎన్ని రెట్లయితే జారుడు అన్నో వంతు. దాదాపు 3,84,000 కిలోమీటర్ల దూరంలో ఉన్న చందమామకు ఇక జారుడన్నదే ఉండదు, అందుకే అతను మన బస్సుతోపాటే వస్తున్నాడని చిన్నప్పుడు అందరం నమ్మాం. పారలాక్స్ అనే ఈ 'దూరపు జారుడు'ను ఆట తయారుచేసేవాళ్లు మూడు నాలుగు పలచటి బొమ్మల పొరలతో సాధిస్తారు. ముందు పొరను వేగంగా, వెనక పొరను నెమ్మదిగా జరుపుతారు. మిగతా పని మన మెదడు చేసుకుంటుంది.

1997 అంటే ఆటల లోకమంతా మూడు కొలతల వైపు పరుగెడుతున్న కాలం. ఆ ఏడాది జనవరిలోనే ఫైనల్ ఫాంటసీ సెవెన్ వచ్చింది. అలాంటప్పుడు చదునైన బొమ్మల ఆట తీయడం పాతకాలపు పనిగా కనిపించి ఉండాలి. కానీ కత్తి ఆటకు పక్కచూపు ఇచ్చే లాభం ఇంకే చూపూ ఇవ్వదు. రోడ్డు దాటేటప్పుడు ఎదురుగా నేరుగా మన మీదికొచ్చే లారీ వేగం అంచనా వేయడం కష్టం. అది ఎంత వేగంగా వస్తున్నా చాలాసేపటి దాకా కొంచెం కొంచెం పెద్దదవుతూ మాత్రమే కనిపిస్తుంది. అదే మన కళ్ల ముందు ఎడమ నుంచి కుడికి పోయే లారీ వేగం ఇట్టే తెలిసిపోతుంది. పక్కవాటు ఆటలో శత్రువు, నా కత్తి మొన, మా మధ్య ఉన్న ఖాళీ, అన్నీ ఆ రెండో లారీలాంటివే. దెబ్బ తగిలితే తప్పు నాదే అని ఆడేవాడికి తెలుస్తుంది. తప్పు తెలిస్తేనే దిద్దుకోగలం. చెయ్యి తిరగడానికి మొదటి షరతు అది.

అన్నీ ఇచ్చి, అన్నీ లాక్కుని

ఆ వీరుడి పేరు అలుకార్డ్. ఇంగ్లీషు అక్షరాల్లో డ్రాక్యులా పేరును వెనక నుంచి చదివితే వచ్చే పేరు. తండ్రి డ్రాక్యులా, తల్లి మామూలు మనిషి. తండ్రి కోట మళ్లీ లేచి నిలబడిందని తెలిసి, దాన్ని కూల్చడానికి వస్తాడు.

ఆట మొదలయ్యేసరికే అతని ఒంటి మీద మేలిమి కత్తి, డాలు, కవచం, శిరస్త్రాణం ఉంటాయి. గుమ్మంలో ఎదురైన తోడేళ్లు ఒక్క వేటుకు కూలుతాయి. కొన్ని గదులు దాటగానే మృత్యువు ఎదురొచ్చి, రెండు మాటలు మాట్లాడి, ఒంటి మీదున్నవన్నీ పీకేసుకుని పోతుంది. ఇప్పుడు అలుకార్డ్‌కు ఉన్నవి ఉత్త చేతులు. ఇందాకటి దాకా చీమల్లా కనిపించిన రాక్షసులు కొడితే గదికి ఆ మూల ఎగిరి పడతాడు. మా వాడు ఆ క్షణంలో "అయ్యో, అన్యాయం!" అని అరిచిన అరుపు వంటింట్లోకి వినిపించింది.

అరవక ఏం చేస్తాడు? జేబులోంచి పోయిన వంద రూపాయల బాధ, దారిలో దొరికిన వంద రూపాయల సంతోషం కంటే బరువు. డేనియల్ కాన్‌మన్, ఏమస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వవేత్తలు 1979లో ఈ సంగతిని సిద్ధాంతంగా నిలబెట్టారు. ఆట తయారీదారులు ఆ బాధను ముందుగానే మన లోపల నాటారు. ఉట్టి చేతులతో మొదలుపెట్టి ఉంటే కత్తి దొరికినప్పుడు సంతోషించేవాళ్లం, అంతే. కత్తి ఉండి పోయింది కాబట్టి, ఇప్పుడు దొరికే ప్రతి తుప్పు కత్తీ పోయిన ఆస్తి తిరిగొస్తున్నట్టు ఉంటుంది. ఒక్క ముక్క రాయకుండా ఆట లక్ష్యాన్ని చెప్పిన తీరు ఇది. నేను చూసిన ఆటల్లో ఇంతకంటే మంచి ప్రారంభం లేదు.

ఇక్కడి నుంచి రెండు రకాల పెంపు మొదలవుతుంది. ఒకటి అంకెల పెంపు. రాక్షసుణ్ని చంపితే అనుభవం పాయింట్లు, అవి పోగైతే లెవెల్, లెవెల్‌తోపాటు బలం, ఒడలి గట్టితనం, తెలివి, అదృష్టం అనే నాలుగు అంకెలు పెరుగుతాయి. వీటికి తోడు కోటంతా వెతికి ఏరుకునే కత్తులూ కవచాలూ. పాత్రను పెంచే ఈ పద్ధతినే ఆర్‌పీజీ అంటారు. కాసిల్‌వేనియా వరసలో మొదటి ఆటకు, అంటే 1986 నాటిదానికి, ఈ పెంపు లేదు. కొరడా పట్టుకున్న వీరుడు మొదట్లో ఎంత బలంగా ఉంటాడో చివర్లోనూ దాదాపు అంతే. ఆ మరుసటి ఏడు ఆ వరసలో రెండో ఆట, జెల్డా అనే మరో వరసలో రెండో ఆట పక్కవాటు నడకకు అనుభవం పాయింట్లను జోడించి చూశాయి. పదేళ్ల తర్వాత సింఫనీలో ఆ పొత్తు పండింది.

రెండోది చేతి పెంపు. దీనికి తెర మీద అంకె ఉండదు. అలుకార్డ్ ఒక్క మీట నొక్కితే ముఖం తిప్పకుండా వెనక్కి జారతాడు. మొదటి రోజు మా వాడు ఆ మీటను మర్చిపోయాడు. మూడో రోజు ఆలస్యంగా నొక్కాడు. ఐదో రోజు ఎముకల సైనికుడి చెయ్యి లేచీ లేవకముందే వాడి బొటనవేలు దానంతటదే కదిలింది. సైకిలు తొక్కడం ఒంటికి అబ్బినట్టు అబ్బిందది. అడిగితే ఎలా చేశాడో చెప్పలేడు.

ఈ రెండు పెంపులూ ఒకదానితో ఒకటి పెనవేసుకుని సాగుతాయి. ఇదే ఆటకు ప్రాణం. చెయ్యి బాగా తిరగని వాడు కాసేపు చిన్న రాక్షసుల్ని కొట్టి లెవెల్ పెంచుకుని ముందుకు పోతాడు. చెయ్యి తిరిగినవాడు తక్కువ లెవెల్‌తోనే దూసుకుపోతాడు. ఒకే కోట ఇద్దరికీ సరిపోతుంది. ఈ ఆటలో సులువు, కష్టం అని ఎంచుకునే ఏర్పాటు లేదు. అవసరం కూడా పడలేదు.

కానీ మా వాడి ప్రశ్న ఇక్కడే పుడుతుంది. ఒకే మడిలో కొత్త విత్తనం, కొత్త ఎరువు ఒకే ఏడు వేసిన రైతును అడగండి, దిగుబడి దేనివల్ల పెరిగిందని. చెప్పలేడు. రెండూ ఒకేసారి మారితే ఏది పనిచేసిందో విడదీయలేం. దీని సంగతి చివర్లో చూద్దాం, ముందు కోట లోపలికి వెళ్దాం.

తలలో కట్టుకున్న కోట

ఈ కోట వరస గదుల రైలు కాదు. ఇగరాషి తనకు జెల్డా ఆటలు ఆదర్శమని చెప్పుకున్నాడు. గంట రెండు గంటల్లో చుట్టేసి అటక మీద పారేసే ఆట కాకుండా, తిరిగి తిరిగి వెతికే ఆట కావాలన్నది ఆయన కోరిక. అందుకని కోట మొత్తం ఒకే పెద్ద పటం. ఎటైనా వెళ్లొచ్చు, కాకపోతే దారిలో అందనివి కనిపిస్తుంటాయి. ఎగిరినా అందని అరుగు. ఇనుప ఊచల గుమ్మం. తెరుచుకోని నీలం తలుపు. గంటల తర్వాత గాల్లో రెండోసారి ఎగరనిచ్చే రాయి దొరుకుతుంది. ఇంకొన్నాళ్లకు పొగమంచుగా మారే శక్తి వస్తుంది, ఊచల మధ్య నుంచి జారిపోవచ్చు. నీలం తలుపు తెరిచే మణిని పుస్తకాల గదిలో ముసలి గ్రంథపాలకుడి దగ్గర డబ్బిచ్చి కొనుక్కోవాలి.

ఆ రాయి దొరకగానే మా వాడు చేసిన పని నేను చూశాను. ముందుకు పోలేదు. ఆగి, కళ్లు కొద్దిగా పైకెత్తి, "ఆ మెట్ల కింద గది... దాని పక్కన..." అంటూ లెక్కపెట్టుకున్నాడు. తెర మీద పటం ఉంది, వాడు దాన్ని తెరవలేదు. పటం వాడి తలలో ఉంది.

1948లో ఎడ్వర్డ్ టోల్‌మన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఎలుకల మీద తన పరిశోధనలన్నీ కూర్చి ఒక మాట చెప్పాడు. చిక్కుదారుల్లో తిరిగే ఎలుక కుడి, ఎడమ, కుడి అని వరస బట్టీపట్టడం లేదు, ఆ చోటును తలలో పటంగా గీసుకుంటోంది. దాన్ని మనం 'మనోపటం' అనొచ్చు. ఆ పటం ఎక్కడుంటుందో 1971లో ఆనవాలు దొరికింది. లండన్‌లో జాన్ ఓకీఫ్ బృందం ఎలుక మెదడులోని హిప్పోకాంపస్ అనే భాగంలో వింత కణాల్ని చూసింది. ఎలుక ఒక నిర్దిష్టమైన చోటుకు వచ్చినప్పుడే ఒక కణం మేల్కొంటుంది. ఇంకో చోటుకు ఇంకో కణం. వాటికి చోటు కణాలని పేరు. 2014లో ఓకీఫ్‌కు, నార్వేకు చెందిన మోసర్ దంపతులకు కలిపి నోబెల్ వచ్చింది ఈ దారిలోని పనికే.

మనోపటం గీసుకోవాలంటే ప్రతి చోటుకూ దాని ముఖం దానికి ఉండాలి. ఒకే రకం అపార్ట్‌మెంట్ల కాలనీలో దారి తప్పుతాం. రావిచెట్టు, బడ్డీకొట్టు, విరిగిన బోరింగు ఉన్న ఊళ్లో తప్పం. ఈ కోట ఆ రెండోరకం ఊరు. పాలరాతి వసారాలో పెద్ద గడియారం ఉంది. నిమిషం మారినప్పుడు పక్కనున్న విగ్రహం జరిగి దారి ఇస్తుంది. గోడ వెంబడి పోతుంటే ఒక దూరదర్శిని తగులుతుంది, అందులోంచి చూస్తే కింద చెరువులో పడవవాడు కనిపిస్తాడు. ఒక మూల ఖాళీ కుర్చీ ఉంటే అలుకార్డ్ అందులో కూర్చుంటాడు, ఊరికే, అలసటతో తల వాల్చి. కూర్చోవడం వల్ల ఒక్క పాయింటు కూడా రాదు. ప్రార్థన మందిరంలో పాపాలు ఒప్పుకునే చిన్న గది ఉంది. అందులో కూర్చుని ఎదురుచూస్తే అవతలి వైపు ఒక పూజారి ఆత్మ వచ్చి వింటుంది. ఒకసారి ద్రాక్షరసం ఇచ్చి పోతుంది. మరోసారి కత్తులు దూసుకొస్తాయి. ఎవరు వస్తారో ముందే చెప్పలేం.

ఎవరో ఒక మనిషి ఆ కుర్చీ గురించి ఆలోచించాడు, దానికి బొమ్మలు గీశాడు, ఆడేవాళ్లలో సగంమంది అసలు కూర్చోరని తెలిసి కూడా. ఆటలో నాకు ప్రేమ కలిగించిన చోట్లలో అదొకటి. యమానే సంగీతం కూడా ఇదే పని చేస్తుంది. పాలరాతి వసారాకు ఒక రాగం, పుస్తకాల గదికి ఇంకోటి, నేలమాళిగ నీళ్లకు మరొకటి. కళ్లు మూసుకుని విన్నా ఎక్కడున్నామో చెప్పొచ్చు.

తలకిందులైన కోట

సగం ఆట ముగిశాక ఒక మలుపు వస్తుంది. సింహాసనం గదిలో రిక్టర్ బెల్మాంట్ అనే మనిషి ఎదురవుతాడు. డ్రాక్యులాల్ని వేటాడే వంశంవాడు, ఇప్పుడు కోటకే యజమానినంటాడు. అతన్ని చంపేస్తే పేర్లు పడతాయి, ఆట అయిపోతుంది. కానీ అంతకు ముందు రెండు ఉంగరాలు సంపాదించి, వాటి మీది రాతలు కలిపి చదివి, గడియారం గదిలో అవి తొడుక్కుని ఉంటే ఒక కళ్లద్దం దక్కుతుంది. ఆ కళ్లద్దంలోంచి చూస్తే రిక్టర్ తల మీద తిరిగే ఆకుపచ్చ గోళం కనిపిస్తుంది. కొట్టాల్సింది మనిషిని కాదు, అతన్ని ఆడిస్తున్న ఆ గోళాన్ని. కొడితే ఆకాశంలో రెండో కోట ప్రత్యక్షమవుతుంది. ఇదే కోట, తలకిందులుగా.

ఆ క్షణం అద్భుతం. అయిపోయిందనుకున్న ఆట ఇంకో అంత ఉందని తెలియడం, పటం నూరు శాతం దాటి 200.6 శాతం దాకా పోవడం, ఇలాంటి కానుక ఆటల్లో అరుదు. అయితే ఉంగరాల సంగతి పట్టించుకోనివాళ్లు సగం ఆటనే మొత్తమనుకుని పక్కన పెట్టేసే ప్రమాదముంది. రహస్యం దాచడం వేరు, రహస్యం ఉందన్న సంగతినే దాచడం వేరు. ఇక్కడ నేను ఆటను పూర్తిగా సమర్థించలేను.

అసలు చిక్కు ఆ కోటలోకి అడుగు పెట్టాక మొదలవుతుంది. రాజర్ షెపర్డ్, జాక్లిన్ మెట్జ్‌లర్ అనే ఇద్దరు 1971లో ఒక చిన్న ప్రయోగం చేశారు. ఇటుకలు పేర్చినట్టుండే రెండు ఆకారాలు చూపించి, ఇవి ఒకటేనా, వేర్వేరా అని అడిగారు. ఒక ఆకారాన్ని ఇంకోదానికంటే ఎంత తిప్పి చూపిస్తే, జవాబు చెప్పడానికి మనుషులకు అంత ఎక్కువ సమయం పట్టింది. మనసు ఆ బొమ్మను నిజమైన వస్తువును తిప్పినట్టే కొంచెం కొంచెంగా తిప్పి చూసుకుంటోంది. నూట ఎనభై డిగ్రీలు తిరిగిన బొమ్మకు అన్నిటికంటే ఎక్కువసేపు. తలకిందుల కోటలో మా వాడు మొదటి గంటలో పడ్డ తికమక ఇదే. తెలిసిన ఇల్లే, కానీ ఏ గదీ తెలిసినట్టు లేదు. తలలో ఉన్న పటాన్ని తిప్పుకుంటూ నడవడంలో నిజమైన ఆనందం ఉంది.

ఆ ఆనందం గంటసేపే. మామూలు కోటలో ప్రతి గదినీ ఎవరో ఒకరు అడుగుల లెక్కతో కట్టారు. ఎక్కడ ఎగరాలో, ఎక్కడ దాక్కోవాలో ఆలోచించి మెట్లు వేశారు. తిరగేసిన గదిలో మెట్లు కప్పుకు వేలాడతాయి, నేల ఎత్తుపల్లాలు దేనికీ పనికిరావు. కాబట్టి ఆడేవాళ్లు నడవడం మానేసి గబ్బిలంగా మారి ఎగిరి పోతారు. ఎగిరేవాడికి అరుగుతో పని లేదు. గదికి ఉన్న అర్థమే పోయింది. సంగీతం కూడా ఇక్కడ పొదుపు పాటించింది. చాలా ప్రాంతాల్లో ఒకే ఆర్గాన్ మోత వినిపిస్తుంది. ముందు కోటలో చెవితోనే చోటు చెప్పగలిగినవాళ్లం ఇక్కడ చెప్పలేం. ఆట నిడివి రెట్టింపైంది, లోకం రెట్టింపు కాలేదు.

తీసివేత లెక్క

ఇప్పుడు మా వాడి ప్రశ్నకు దగ్గరగా వచ్చాం. రెండో కోటకు చేరేసరికి ఆట చాలా తేలికైపోయింది. ఎందుకు?

మీ జీతం ముప్పై వేలు, ఖర్చు ఇరవై వేలు అనుకోండి. మిగులు పది వేలు. ఖర్చు ఐదు వేలు పెరిగితే, అంటే జీతంలో ఆరో వంతు పెరిగితే, మిగులు సగమైపోతుంది. ఇంకో నాలుగు వేలు పెరిగితే మిగిలేది వెయ్యి. తీసివేతలో ఉన్న మాయ ఇది. రెండు పెద్ద అంకెలు దగ్గరపడే కొద్దీ వాటి తేడా హఠాత్తుగా కుంచించుకుపోతుంది.

ఈ ఆటలో మనకు తగిలే దెబ్బ లెక్క ఇలాంటి తీసివేతే. రాక్షసుడి బలంలోంచి నా రక్షణ తీసేస్తే మిగిలింది నా ఒంటికి తగులుతుంది. ఎంత తీసేసినా కనీసం ఒక్క పాయింటు తగులుతుంది. మొదట్లో రక్షణ తక్కువ కాబట్టి కొత్త కవచం వల్ల వచ్చే తేడా కొద్దిగానే తెలుస్తుంది. ఒక హద్దు దాటాక అదే కవచం దెబ్బను సగం చేస్తుంది, ఆ తర్వాతది దాదాపు సున్నా చేస్తుంది. అప్పటిదాకా వెనక్కి జారే మీట మీద బతికిన బొటనవేలికి ఇక పని లేదు. భయం లేనిచోట నేర్పు అక్కర్లేదు.

తయారీదారులకు ఈ ప్రమాదం తెలియకపోలేదు. బలం పెరిగితే ఎక్కువ రాక్షసుల్ని చంపుతాం, చంపితే ఇంకా బలం పెరుగుతుంది. చెరువు గట్టుకు గండి పడ్డప్పుడు ఇంతే. నీళ్లు పోయేకొద్దీ గండి వెడల్పవుతుంది, గండి వెడల్పయ్యేకొద్దీ నీళ్లు ఎక్కువ పోతాయి. తనను తానే పెంచుకునే చక్రమిది, ఇంగ్లీషులో పాజిటివ్ ఫీడ్‌బ్యాక్ అంటారు. దీనికి వాళ్లు ఇసుక బస్తా అడ్డం వేశారు. నా లెవెల్ పెరిగేకొద్దీ చిన్న రాక్షసుల నుంచి వచ్చే అనుభవం తగ్గిపోతుంది. గుమ్మం దగ్గరి ఎముకల సైనికుల్ని రోజంతా చంపినా లాభం ఉండదు. మంచి ఆలోచనే. కానీ బస్తా లెవెల్ వైపు వేశారు, ఆయుధాల వైపు గట్టు తెరిచే ఉంది.

ఆ వైపు నుంచి వచ్చిన వరద పేరు క్రిస్సెగ్రిమ్. తలకిందుల పుస్తకాల గదిలో ష్మూ అనే తెల్లటి తేలియాడే జీవి చచ్చేటప్పుడు, చాలా అరుదుగా, ఈ కత్తిని రాలుస్తుంది. మిగతా కత్తులు ఒక నొక్కుకు ఒక వేటు వేస్తాయి. ఇది నాలుగు వేస్తుంది, పైగా నడుస్తూనే వేయొచ్చు. మీట నొక్కుతూ ముందుకు నడిస్తే చాలు, ఎదురొచ్చినవన్నీ మాయమవుతాయి. డాలు కడ్డీ అనే ఇంకో ఆయుధాన్ని అలుకార్డ్ డాలుతో జతచేస్తే పెద్ద పెద్ద నాయక రాక్షసులు కూడా క్షణాల్లో కరిగిపోతారు.

అరుదైన వస్తువు కోసం మనుషులు ఎందుకంతసేపు కూర్చుంటారన్నది వేరే చిత్రం. వందలో ఒక వంతు అవకాశం ఉన్న వస్తువు ఒకటుందనుకుందాం. వందసార్లు ప్రయత్నిస్తే తప్పక దొరుకుతుందని చాలామంది అనుకుంటారు. లెక్క వేస్తే, వంద ప్రయత్నాల్లో కనీసం ఒకసారి దొరికే అవకాశం 63 శాతమే. రెండు వందలకు 87, మూడు వందలకు 95. అంటే మూడు వందలసార్లు కష్టపడ్డ ఇరవై మందిలో ఒకరు ఉత్త చేతులతోనే ఉంటారు. అయినా లేవరు. ప్రతి ఐదో పొడుపుకూ గింజ పడుతుందని తెలిసిన పావురం కంటే, ఎప్పుడు పడుతుందో తెలియని పావురం ఎక్కువసేపు, ఆగకుండా ముక్కుతో పొడుస్తుందని స్కిన్నర్ అనే మనస్తత్వవేత్త ప్రయోగశాలలో తేలింది. చెరువు గట్టున గాలం వేసి కూర్చున్నవాడికి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. మా వాడు ఒక మధ్యాహ్నమంతా పుస్తకాల గదిలోకి పోతూ, బయటికి వస్తూ, మళ్లీ పోతూ గడిపాడు. కత్తి రాలినప్పుడు ఇల్లెగిరిపోయేలా అరిచాడు. ఆ అరుపు నిజం, ఆ సంతోషం నిజం. ఆ తర్వాత అరగంటకే కబుర్లు చెబుతూ, సగం చూపుతో ఆడటం మొదలైంది.

మొదటి రోజు వాడిని పట్టి కూర్చోబెట్టింది, తుప్పు కత్తి దొరికినా పొంగిపోయేలా చేసింది ఈ అంకెల పెంపే. ఆరో రోజు వాడికి ఆట మీద విసుగు పుట్టించిందీ ఈ పెంపే. ఆపాల్సిన చోట దాన్ని ఆపలేదు.

ఎరువు వేయని మడి

విత్తనమా, ఎరువా అని తేల్చాలంటే వ్యవసాయ శాస్త్రవేత్తలు ఒక మడిని పక్కన ఉంచుతారు. అదే నేల, అదే నీరు, అదే విత్తనం, ఎరువు మాత్రం వేయరు. చిత్రమేమిటంటే ఈ ఆటలోనే అలాంటి మడి ఒకటుంది.

ఆట ఒకసారి పూర్తిచేశాక, మళ్లీ మొదలుపెట్టేటప్పుడు పేరు అడిగిన చోట రిక్టర్ అని రాస్తే, అలుకార్డ్ బదులు రిక్టర్ కోటలోకి అడుగుపెడతాడు. అతనికి కొరడా ఉంది, ఎత్తుకు ఎగిరే విద్య ఉంది, మొదటి నుంచే పరుగుంది. లెవెళ్లు లేవు. కత్తులు ఏరుకోవడం లేదు, కవచాలు మార్చుకోవడం లేదు. కోట అదే, గదులు అవే. పెరిగేది ఆడేవాడి చెయ్యి ఒక్కటే.

సెలవుల చివరి రోజు మా వాడికి ఇది చెప్పాను. వాడు ఏమీ అనకుండా పేరు రాసి మొదలుపెట్టాడు. రసవాదుల ప్రయోగశాల దాకా బాగానే పోయాడు. అక్కడ ఆటలో మొదటి నాయక రాక్షసులు ఇద్దరు కలిసి వస్తారు. ఈటె పట్టిన స్లోగ్రా నేల మీద, నిప్పులు కక్కే గైబాన్ గాల్లో. అలుకార్డ్‌తో వచ్చినప్పుడు వాడు వీళ్లను రెండో రోజే దాటాడు, తర్వాత వాళ్ల పేర్లు కూడా మర్చిపోయాడు.

మొదటిసారి నలభై సెకన్లలో పోయాడు. రెండోసారి ఈటెను తప్పించుకుంటూ నిప్పులోకి నడిచాడు. మూడోసారి నా వైపు తిరక్కుండా, "మామయ్యా, వీడు ఈటె ఎత్తే ముందు కాలు వెనక్కి పెడతాడు, చూశావా?" అన్నాడు. నేను చూడలేదు. వాడు చూశాడు. స్లోగ్రా కాలు వెనక్కి వేసింది. వాడి బొటనవేలు అప్పటికే కదిలింది.